శాన్ డియాగోలో తొలి ట్యూనా వేట: పార్టీ బోటా, సిక్స్‌ప్యాకా?

ఒక్కరో ఇద్దరో వెళ్తుంటే ఒకటిన్నర రోజుల పార్టీ బోటు ఎక్కండి. అయిదారుగురు స్నేహితులు ఉండి, వాళ్ళలో ఒకరిద్దరికైనా గాలం అలవాటుంటే, చేపలు దగ్గర్లో తగులుతున్న వారం చూసుకుని సిక్స్‌ప్యాక్ మాట్లాడుకోండి.

పార్టీ బోటంటే 65 నుంచి 90 అడుగుల పడవ. ఎవరి టికెట్ వాళ్ళదే. పాతికమంది అటూ ఇటూగా ఎక్కుతారు, పడుకోవడానికి బంకులు, వంటగది ఉంటాయి. సిక్స్‌ప్యాక్ అంటే అద్దెకి మాట్లాడుకునే చిన్న పడవ. అందులో పడవ మొత్తం మీదే, కానీ కోస్ట్ గార్డ్ నిబంధన ప్రకారం ఆరుగురికి మించి ప్రయాణికుల్ని ఎక్కించకూడదు.

ముందు దూరం సంగతి. ట్యూనా ఒకచోట కాపురం ఉండే చేప కాదు. ఈ వారం పాయింట్ లోమాకి (శాన్ డియాగో రేవు దగ్గరి కొండకొమ్ము) 30 మైళ్ళలో ఉంటే, వచ్చే వారం నూరు మైళ్ళ అవతల ఉండొచ్చు. పార్టీ బోటు రాత్రంతా నెమ్మదిగా నడిచి, మీరు నిద్రలేచేసరికి వేట చోటికి చేరుతుంది. సిక్స్‌ప్యాక్ వేగంగానే పోతుంది గానీ, ఎదురుగాలిలో 30 అడుగుల పడవ ఎగిరెగిరి పడుతుంటే అంత దూరం కూర్చోవడం కొత్తవాళ్ళ వల్ల కాదు. ఇక ‘ఓవర్‌నైట్’ అని అమ్మే ట్రిప్పు మర్నాటి సాయంత్రానికే రేవు చేరాలి కాబట్టి మధ్యాహ్నమే వెనక్కి తిరుగుతుంది. ఒకటిన్నర రోజుల బోటు పొద్దుగూకేదాకా ఆగగలదు. ట్యూనాల్లో పెద్దదైన బ్లూఫిన్ చాలాసార్లు ఎర అందుకునేది ఆ వేళకే. ఎక్కువ పెట్టిన డబ్బు అక్కడే వసూలవుతుంది.

ఎర విషయంలోనూ పెద్ద పడవదే పైచేయి. రెండు రకాల పడవలూ బయల్దేరేముందు బేలోనే ఆగి బతికున్న సార్డిన్లు నింపుకుంటాయి. పార్టీ బోటు తొట్లు పెద్దవి. రోజంతా కొద్దికొద్దిగా విసురుతూ చేపల గుంపును పడవ దగ్గరే నిలపొచ్చు. సిక్స్‌ప్యాక్ తొట్టి చిన్నది. పొద్దున్నే ధారాళంగా చల్లేస్తే మధ్యాహ్నానికి ఖాళీ.

పార్టీ బోటుతో అసలు బాధ రద్దీ. ట్యూనా పడగానే లైను ఎటు పోతే మీరూ రైలింగ్ వెంట అటే నడవాలి. ఒకేచోట నిలబడితే పక్కవాళ్ళ లైనుతో మెలిపడి, రాపిడికి తెగిపోతుంది. డెక్‌హ్యాండ్ (పడవ మీద సాయపడే పనివాడు) ‘అండర్’ అంటే రాడ్‌ని పక్కవాళ్ళ లైను కిందనుంచి, ‘ఓవర్’ అంటే పైనుంచి దాటించాలి. వాదనకి అది సమయం కాదు. అందుకే టికెట్ కొనేముందు ఈ ట్రిప్పుకి గరిష్ఠంగా ఎంతమందని అడగండి. అదే పడవ మీద 22 మందికీ 35 మందికీ చాలా తేడా. సిక్స్‌ప్యాక్‌లో ఈ గొడవే లేదు, దానికున్న పెద్ద సుఖం అదే.

చెయ్యాల్సిన పని మాత్రం రెంటిలోనూ ఒకటే. 30 పౌండ్ల ఫ్లోరోకార్బన్ లైను (నీళ్ళలో కనపడీ కనపడని దారం), 1వ నంబరు సర్కిల్ కొక్కెం (మొన లోపలికి వంగినది), బరువు కట్టొద్దు. సార్డిన్‌ని తడిచేత్తో పట్టుకోండి, పొలుసు రాలినది చురుగ్గా ఈదదు. ముక్కు దగ్గర గుచ్చి, గాలి మీ మొహానికి కొట్టే వైపునుంచి వదలండి. పడవ గాలికి వెనక్కి జరుగుతుంది కాబట్టి లైను పడవ కిందికి పోదు. స్పూల్ (లైను చుట్టి ఉండే ఉండ) మీద బొటనవేలు ఆనీ ఆననట్టు ఉంచండి. లైను ఒక్కసారిగా పరుగెత్తితే మూడు లెక్కపెట్టి, రీల్ గేరులో వేసి చుట్టండి. రాడ్ జాడించారా, కొక్కెం నోట్లోంచి జారిపోతుంది. డ్రాగ్ (లైను పోకుండా పట్టే రీల్ బ్రేకు) ఏడెనిమిది పౌండ్లు చాలు, రేవులోనే స్ప్రింగ్ త్రాసుతో చూసుకోండి. భయంతో బిగించేస్తే మొదటి పరుగుకే లైను తెగుతుంది. చివర్లో చేప పడవ కింద చుట్లు తిరుగుతుంది. మీవైపు వచ్చేటప్పుడు చుట్టండి, అటు తిరిగినప్పుడు ఊరికే పట్టుకోండి. కొత్తవాళ్ళు చేపను పోగొట్టుకునేది ఎక్కువగా ఇక్కడే. పెద్ద బ్లూఫిన్‌కి రాత్రిపూట 200 గ్రాములకు పైబడిన జిగ్గులు (లోహపు కృత్రిమ ఎరలు) దింపుతారు. దానికి 80 పౌండ్ల సరంజామా కావాలి, కొనకుండా అద్దెకు తెచ్చుకోండి.

కడుపులో తిప్పడం చిన్న పడవలో ఎక్కువ. మెక్లిజిన్ మాత్ర పడవ కదిలే గంట ముందే వేసుకోవాలి, వాంతి మొదలయ్యాక పనిచెయ్యదు. వేరే మందులు వాడేవాళ్ళు డాక్టర్ని అడిగి వేసుకోవాలి. ఖాళీ కడుపుతో ఎక్కొద్దు.

కాగితాల మాట. పదహారేళ్ళు నిండితే కాలిఫోర్నియా ఫిషింగ్ లైసెన్స్ ఉండాలి. చాలా ట్రిప్పులు మెక్సికో జలాల్లోకి వెళ్తాయి, పాస్‌పోర్టు అడుగుతారు. వీసా మీద ఉన్న మనవాళ్ళు డబ్బు కట్టకముందే లాండింగ్ ఆఫీసుతో (టికెట్లు అమ్మే రేవు ఆఫీసు) మాట్లాడి, ఇంకేం కాగితాలు కావాలో తెలుసుకోవాలి.

కాలిఫోర్నియా జలాల్లో బ్లూఫిన్ మనిషికి రోజుకి రెండే. పార్టీ బోటులో మీ చేపకి మీ నంబరు చీటీ తగిలించి చల్లటి సముద్రపునీటి గదిలో వేస్తారు. సిక్స్‌ప్యాక్‌లో పంపకం మీలో మీరే ముందుగా మాట్లాడుకోవాలి, ఐస్ ఎంత ఉందో బయల్దేరేముందే చూడాలి. ట్యూనా ఒళ్ళు వేడి. పట్టగానే మొప్పల దగ్గర కోసి రక్తం కార్చి, ఐసూ సముద్రపునీరూ కలిపిన దాంట్లో ముంచకపోతే మాంసం పాలిపోయి మెత్తబడుతుంది.