8/10 రాష్ట్రం దాటితే 8/10 కాదు: పిల్లలతో కొత్త రాష్ట్రానికి మారేవారికి గ్రేట్‌స్కూల్స్, నిష్, స్టాన్‌ఫర్డ్ మ్యాప్ రివ్యూ

అమెరికాలో ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి మారాల్సి వస్తే పిల్లలున్న ఇంట్లో మొదట తెరిచేది జిల్లో అనే ఇళ్ల వెబ్‌సైటు. ఇంటి ఫొటోల కింద స్కూళ్ల పేర్లు, పక్కనే పదికి ఎన్నో చెప్పే అంకె. ఆ అంకె ఇచ్చేది జిల్లో కాదు. 1998 నుంచి నడుస్తున్న గ్రేట్‌స్కూల్స్ అనే లాభాపేక్ష లేని సంస్థ. జిల్లో లాంటివే అయిన రెడ్‌ఫిన్, రియల్టర్ డాట్ కామ్ కూడా ఇదే రేటింగ్ చూపిస్తాయి. కాబట్టి మూడు చోట్లా 8 కనిపించిందంటే ఒక్కరు చెప్పిన మాటే మూడుసార్లు విన్నారన్నమాట.

ఉన్న రాష్ట్రంలోనే ఊరు మారేవాళ్లకు గ్రేట్‌స్కూల్స్ చాలా మంచి సాధనం. చిక్కంతా రాష్ట్రం దాటేవాళ్లకే. ఆ రేటింగ్ స్కూలును అదే రాష్ట్రంలోని మిగతా స్కూళ్లతో పోల్చి ఇచ్చేది. టెక్సస్ పిల్లలు రాసేది స్టార్ పరీక్ష, వర్జీనియాలో ఎస్ఓఎల్, నార్త్ కరోలినాలో ఈఓజీ, న్యూజెర్సీలో ఎన్‌జేఎస్‌ఎల్ఏ. ప్రశ్నపత్రం వేరు, పాసయ్యే గీత వేరు. న్యూజెర్సీలో 6 ఉన్న స్కూలు నుంచి మరో రాష్ట్రంలో 8 ఉన్న స్కూలుకు వెళ్తే పిల్లాడు పైకి వెళ్లాడా, కిందికి వచ్చాడా అన్నది ఈ రెండు అంకెలు చూసి చెప్పడం కుదరదు. సైటులో ఆ సంగతి రాసే ఉంటుంది, కానీ ఇంటి ఫొటోల కింద అంకె మాత్రమే కనిపిస్తుంది.

అంకె మీద నొక్కి లోపలికి వెళ్లండి, అసలు సరుకు అక్కడుంది. టెస్ట్ స్కోర్లకు, పిల్లల ప్రోగ్రెస్‌కు విడివిడిగా రేటింగ్ ఉంటుంది. హైస్కూలుకైతే కాలేజ్ రెడినెస్ (పిల్లలు కాలేజీకి ఎంతవరకు సిద్ధమయ్యారో) కూడా. టెస్ట్ స్కోరు రేటింగ్‌లో ఇంటి పరిస్థితుల పాలు ఎక్కువ. తల్లిదండ్రులిద్దరూ పెద్ద చదువులు చదివిన వీధుల్లో స్కూలు పెద్దగా ఏమీ చేయకపోయినా మార్కులు బాగానే వస్తాయి. ఒక ఏడాదిలో పిల్లలు ఎంత ముందుకెళ్లారో చెప్పేది ప్రోగ్రెస్. టెస్ట్ 9, ప్రోగ్రెస్ 5 ఉన్న స్కూలు కంటే టెస్ట్ 7, ప్రోగ్రెస్ 9 ఉన్నదే మా దృష్టిలో మెరుగు. ఇంకో సంగతి: రాష్ట్ర పరీక్షలు మొదలయ్యేది మూడో తరగతి నుంచి. కేజీ నుంచి రెండు వరకే ఉన్న స్కూలుకు, కొత్తగా తెరిచిన స్కూలుకు రేటింగ్ లేకపోవడం సహజం. అది చూసి ఆ వీధినే వదిలేయకండి. ఆ పిల్లలు తర్వాత వెళ్లే స్కూలు రేటింగ్ చూడండి.

నిష్ అనే వెబ్‌సైటు సంగతికొస్తే, ఏ ప్లస్, బి మైనస్ అంటూ ఊరికీ స్కూలుకీ గ్రేడ్లిస్తుంది. ప్రభుత్వ గణాంకాలతో పాటు పిల్లలు, తల్లిదండ్రులు రాసిన రివ్యూలు, సర్వేలు కూడా అందులో కలుస్తాయి. బుల్లీయింగ్, బస్సులు, టీచర్లు మధ్యలో మానేయడం లాంటివి గణాంకాల్లో దొరకవు, ఇక్కడి రివ్యూల్లో దొరుకుతాయి. అందుకోసమే చదవండి. గ్రేడ్‌ను నమ్మే ముందు ఎంతమంది రాశారో, ఎప్పుడు రాశారో చూడాలి. నాలుగేళ్ల కిందటి పది రివ్యూలతో వచ్చిన గ్రేడుకు బరువు లేదు. ఊరికిచ్చే గ్రేడులో ఇళ్ల ధరలు, వాతావరణం, నైట్‌లైఫ్ లాంటివన్నీ కలిసిపోతాయి, కాబట్టి మొత్తం గ్రేడు వదిలేసి విడి గ్రేడ్లే చూడండి.

రాష్ట్రాలను పోల్చాలంటే వాడాల్సింది స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ ఉచితంగా పెట్టిన ఎడ్యుకేషనల్ ఆపర్చునిటీ ఎక్స్‌ప్లోరర్ అనే మ్యాప్. ఒక్కో రాష్ట్రం పరీక్షలను, దేశమంతటా ఒకేలా జరిగే నేప్ పరీక్ష సాయంతో ఒకే కొలతలోకి తెచ్చారు. అందుకే టెక్సస్‌లోని ఒక స్కూల్ డిస్ట్రిక్ట్‌ను (ఒక ప్రాంతంలోని ప్రభుత్వ స్కూళ్లను నడిపే విభాగం) న్యూజెర్సీ డిస్ట్రిక్ట్ పక్కన నేరుగా పెట్టి చూడొచ్చు. దేశ సగటు కంటే ఎన్ని తరగతులు ముందో వెనకో చూపిస్తుంది. పిల్లలు ఏడాదికి నేర్చుకునే వేగం విడిగా ఉంటుంది. ముందు చూడాల్సింది అదే. లోపాలూ ఉన్నాయి. మూడు నుంచి ఎనిమిదో తరగతి వరకే లెక్క, హైస్కూలు గురించి ఏమీ ఉండదు. డేటా కొన్నేళ్ల పాతది, ఫోన్ తెరమీద మ్యాప్ వాడటం కష్టం. అయినా ఈ మూడింటిలో ఒక్కటే ఉంచుకోమంటే దీన్నే ఉంచుకోవాలి.

"పిల్లలకు ఈ ఊరు మంచిదేనా?" అని రియల్ ఎస్టేట్ ఏజెంటును అడిగితే సూటిగా జవాబు రాదు. 1968 నాటి ఫెయిర్ హౌసింగ్ చట్టం ప్రకారం మనుషుల్ని చూసి ఫలానా పేటకు మళ్లించడం చట్టవిరుద్ధం. పిల్లలున్న కుటుంబాలకు 1988లో ఆ రక్షణ చేర్చారు. ఏజెంటు వెబ్‌సైటు చూసుకోమంటే తప్పించుకోవడం కాదు, చట్టాన్ని పాటించడమే.

ఎక్కువమంది దెబ్బతినేది రేటింగ్ దగ్గర కాదు, సరిహద్దు దగ్గర. ఉత్తరాల అడ్రసులో ఉండే ఊరు పేరుకూ స్కూల్ డిస్ట్రిక్ట్‌కూ సంబంధం ఉండాలని లేదు. టెక్సస్‌లో ఫ్రిస్కో ఊళ్లో ఉన్న ఇల్లు ఫ్రిస్కో ఐఎస్‌డీలోనే (ఆ ఊరి పేరున్న స్కూల్ డిస్ట్రిక్ట్) ఉంటుందనుకోకండి. లూయిస్‌విల్, ప్రాస్పర్, లిటిల్ ఎల్మ్ డిస్ట్రిక్టుల్లోకి వచ్చే భాగాలూ ఉన్నాయి. న్యూజెర్సీలో చాలాచోట్ల ఊరికో డిస్ట్రిక్ట్. నార్త్ కరోలినా, వర్జీనియా, ఫ్లోరిడాల్లో దాదాపు కౌంటీ అంతా ఒకటే డిస్ట్రిక్ట్, అక్కడ డిస్ట్రిక్ట్ సగటు చూసి ప్రయోజనం లేదు, అడ్రసుకు పడే స్కూలునే చూడాలి. నార్త్ కరోలినా వేక్ కౌంటీలో ఇంకో మెలిక ఉంది. పిల్లలతో నిండిపోయిన స్కూళ్లకు పరిమితి పెడతారు. ఇంటి ఎదురుగా ఉన్న స్కూలే మీ స్కూలైనా, కొత్తగా వచ్చిన పిల్లల్ని చోటున్న మరో స్కూలుకు (ఓవర్‌ఫ్లో స్కూలు) పంపవచ్చు. జిల్లో ఈ విషయం చెప్పదు.

అందుకే లీజు మీద సంతకానికి ముందు ఈ వరుసలో వెళ్లండి. ఆఫీసు చుట్టూ ప్రయాణం లెక్క వేయండి. గూగుల్ మ్యాప్స్‌లో మంగళవారమో బుధవారమో పొద్దున 8:30కి చేరేలా సమయం పెట్టి చూడాలి, ఆదివారం చూపే 20 నిమిషాలు పనికిరావు. ఆ పరిధిలోకి వచ్చే డిస్ట్రిక్టులను స్టాన్‌ఫర్డ్ మ్యాప్‌లో పోల్చి రెండు మూడుకు తగ్గించండి. తర్వాత గ్రేట్‌స్కూల్స్‌లో విడి రేటింగులు. ఇల్లు నచ్చాక ఆ డిస్ట్రిక్ట్ సొంత వెబ్‌సైటులో అడ్రసు వేసి చూసే పేజీ తెరిచి, ఇంటి నంబరు, అపార్ట్‌మెంటైతే యూనిట్ నంబరుతో సహా కొట్టి చూడండి. ఎలిమెంటరీతో ఆగకుండా మిడిల్, హైస్కూలు పేర్లూ రాసుకోండి. చివరగా డిస్ట్రిక్ట్ ఆఫీసుకు ఈమెయిల్ పెట్టి మూడే ప్రశ్నలు అడగండి: ఈ అడ్రసుకు ఏ స్కూలు, నా బిడ్డ తరగతిలో ఇప్పుడు చోటుందా, వచ్చే రెండేళ్లలో సరిహద్దులు మార్చే ప్రతిపాదన ఏమైనా ఉందా. ఫోన్లో చెప్పిన మాట మీద నిలబడకండి, రాతలో తెప్పించుకోండి.

ఏ సైటూ చూపించని తేడాలు తేదీల్లో ఉంటాయి. కిండర్‌గార్టెన్‌లో చేరాలంటే ఐదేళ్లు నిండాల్సిన గడువు నార్త్ కరోలినాలో ఆగస్టు 31, టెక్సస్‌లో సెప్టెంబర్ 1, వర్జీనియాలో సెప్టెంబర్ 30. సెప్టెంబర్ 15న పుట్టిన పాప వర్జీనియాలో ఈ ఏడాదే బడికి వెళ్తుంది. నార్త్ కరోలినాలో మామూలుగా మరో ఏడాది ఆగాలి, అంటే ఇంకో ఏడాది డేకేర్ ఖర్చు. జార్జియా, టెక్సస్‌లలో చాలా స్కూళ్లు ఆగస్టు మొదటి సగంలోనే తెరుస్తారు, న్యూజెర్సీలో సెప్టెంబర్ వచ్చాకే. న్యూజెర్సీ నుంచి అట్లాంటా వైపు వెళ్తూ వేసవి చివర్లో సామాను దించుదామనుకుంటే, అప్పటికే అక్కడ పాఠాలు మొదలై ఉంటాయి. హైస్కూలు పిల్లలుంటే ఇంకా జాగ్రత్త. టెక్సస్‌లో హైస్కూల్ డిప్లొమాకు ఐదు ఎండ్ ఆఫ్ కోర్స్ (సబ్జెక్టు ముగిశాక రాసే) పరీక్షలున్నాయి: ఆల్జీబ్రా 1, ఇంగ్లిష్ 1, ఇంగ్లిష్ 2, బయాలజీ, అమెరికా చరిత్ర. పదకొండో తరగతిలో వచ్చే పిల్లలకు వీటిలో ఏవి వర్తిస్తాయో కౌన్సెలర్‌ను ముందే అడగాలి. గిఫ్టెడ్ (చదువులో బాగా ముందున్న పిల్లల) ప్రోగ్రాంలో ఉన్న పిల్లలు కొత్తచోట మళ్లీ పరీక్ష రాయాల్సి రావచ్చు, పాత స్కోరు పత్రాలు వెంట తీసుకెళ్లండి.

ఇల్లు కొనేవాళ్లకు రెండు మాటలు. జిల్లోలో కనిపించే ప్రాపర్టీ టాక్స్ అమ్మేవాళ్లది. కాలిఫోర్నియాలో ప్రాపొజిషన్ 13 అనే పన్ను పరిమితి చట్టం వల్ల, ఫ్లోరిడాలో పన్ను విలువ పెరుగుదలకు ఏడాదికి 3 శాతం పరిమితి వల్ల పాత యజమాని బిల్లు తక్కువగా ఉండొచ్చు. అమ్మకం తర్వాత విలువ మళ్లీ కడతారు, బిల్లు ఎగబాకుతుంది. ఫెమా (కేంద్ర ప్రభుత్వ విపత్తు సంస్థ) ఫ్లడ్ మ్యాప్‌లో అడ్రసు కొట్టడానికి ఐదు నిమిషాలు చాలు. ఏఈ జోన్ అంటే ఏ ఏడాదైనా వరద వచ్చే అవకాశం కనీసం 1 శాతం. 30 ఏళ్ల లోను మీద చూస్తే అది కనీసం 26 శాతం. మామూలు హోమ్ ఇన్సూరెన్స్ వరద నష్టం ఇవ్వదు.

లీజుకు వెళ్లేవాళ్లు స్కూల్లో చేర్చే రోజును దృష్టిలో పెట్టుకోవాలి. చాలా డిస్ట్రిక్టులు సంతకమైన లీజు, కరెంటో నీళ్లో బిల్లు, జనన ధ్రువపత్రం, టీకాల రికార్డు అడుగుతాయి. టీకాల కాగితం ఆ రాష్ట్రం ఫారం మీదే కావాలనే చోట్లున్నాయి, డాక్టర్ అపాయింట్‌మెంట్‌కే వారం పట్టవచ్చు. హోటల్లో దిగి తర్వాత ఇల్లు చూసుకుందామనుకుంటే, ఆ మధ్య రోజుల్లో పిల్లల్ని ఏ స్కూల్లో చేర్చుకుంటారో కూడా ఆ ఈమెయిల్‌లోనే అడిగేయండి.