1.50 లెన్సా, 1.67 లెన్సా?
కళ్లజోడు షాపులో అడిగే ఈ నంబర్ కాంతి లెన్స్‌లోకి వెళ్లాక ఎంత స్లో అవుతుందో చెప్తుంది. గాలిలో సెకనుకి దాదాపు 3 లక్షల కిలోమీటర్లు పోయేది 1.50లో 2 లక్షలకి, 1.67లో దాదాపు 1.8 లక్షలకి పడిపోతుంది, ఏటవాలుగా తగిలితే తరంగంలో ఒక వైపు ముందే స్లో అయి ఇంకో వైపు ఇంకా స్పీడ్‌గానే ఉంటుంది కాబట్టి దారి వంగుతుంది. ఎక్కువ స్లో అయితే ఎక్కువ వంపు, అందుకే మైనస్ 6 పవర్‌కి 1.67 అంచులు పల్చగా వస్తాయి, 1.50వి ఫ్రేమ్ దాటి మందంగా కనిపిస్తాయి. కాకపోతే 1.67లో రంగులు ఎక్కువ విడిపోతాయి, ఓరగా ట్యూబ్‌లైట్ చూస్తే అంచుల్లో నీలం, పసుపు గీతలు కనిపించొచ్చు, 1.50లో అది బాగా తక్కువ. నా లెక్కలో మైనస్ 2 లోపు వాళ్లకి 1.50 చాలు, పైన పెట్టే డబ్బులు దండగే, 5 దాటితే మాత్రం 1.67 తీసుకోండి.