తడి మీద తడి కొట్టాలా, రంగు రంగుకీ ఫ్లాష్ పెట్టాలా?

మొన్న గుంతకల్లు నుంచి ఒక కుర్రాడు ఫోన్ చేశాడు. "అన్నా, నాలుగు రంగుల డిజైన్, 150 టీషర్టులు. కొత్తగా స్క్రీన్ ప్రింటింగ్ మిషను పెట్టుకున్నా, ఫ్లాష్ ఇంకా కొనలేదు. రంగు మీద రంగు తడిగానే కొట్టేస్తే పోదా?" అన్నాడు. ఫ్లాష్ అంటే కొట్టిన రంగు తర్వాతి ఫ్రేముకు అంటకుండా పైన వేడి చూపించే పలక. "షర్టు ఏం రంగప్పా?" అనడిగితే నలుపన్నాడు. ఐతే ఫ్లాష్ కొనేదాకా ఆ ఆర్డరు ముట్టుకోవద్దని చెప్పాను. అదే తెల్ల షర్టయితే, ఫ్లాష్ పక్కనే ఉన్నా నేను దాని స్విచ్చి కూడా వేయను. ఫోన్లో రెండు నిమిషాల్లో తేల్చేశాను గానీ ఆ రెండు నిమిషాల మాట వెనకాల నేను పాడుచేసుకున్న బట్టలు చాలానే ఉన్నాయి, అందుకే కాస్త విడమర్చి రాస్తున్నా.

ముందు ఇంకు సంగతి. మనలో ఎక్కువమంది కొట్టే ప్లాస్టిసాల్ అంటే పీవీసీ పొడిని ప్లాస్టిసైజర్ అనే నూనెలాంటి ద్రవంలో కలిపిన ముద్ద. అందులో నీళ్లు లేవు, కాబట్టి అది తనంతట తాను ఆరదు. మే నెలలో అనంతపురం డాబా మీద, వడియాలు ఒక్కపూటలో ఎండిపోయే ఎండలో పెట్టినా, సాయంత్రం వేలు పెడితే వేలికి అంటుకుంటుంది. సుమారు 160 డిగ్రీల వేడి పొర అడుగుదాకా తగిలితేనే గట్టిపడి బట్టను పట్టుకుంటుంది. అంతకంటే ముందు, 110-120 డిగ్రీల దగ్గర, ముట్టుకుంటే అంటని మెత్తటి స్థితి ఒకటుంది. ఫ్లాష్ పెట్టేది దానికోసమే, అంతే తప్ప పూర్తిగా కాల్చడానికి కాదు. ఈ తేడా తెలియకనే నేను ఒక చవితికి దెబ్బతిన్నా, అది తర్వాత చెప్తా.

తడి మీద తడి అంటే పసుపు కొట్టి, ఆగకుండా ఎరుపు, నీలం, నలుపు వరసగా కొట్టేసి, చివర్లో ఒక్కసారే కాల్చడం. రంగుకో ఫ్రేము ఉంటుంది, దానికి బిగించిన జల్లెడలాంటి మెష్ గుండా ఇంకు షర్టు మీదకు దిగుతుంది. ఇందులో జరిగేదేందంటే, రెండో ఫ్రేము షర్టు మీద వాలగానే దాని అడుగు మొదటి రంగును కాస్త ఎత్తుకుంటుంది. ఫ్రేము లేచేటప్పుడు చిన్నగా 'చప్'మంటుంది చూడండి, అదే. తిరగేసి చూస్తే ఎరుపు ఫ్రేము అడుగున పసుపు బొమ్మ అచ్చు దిగినట్టు ఉంటుంది. కొత్తవాళ్లు అది చూడగానే టెన్షన్ పడిపోయి షర్టు షర్టుకీ గుడ్డ తీసుకుని తుడుస్తారు. తుడవకండి. ఐదారు, ఒక్కోసారి పది ప్రింట్లు పోయేసరికి ఫ్రేము ఎత్తుకునేదీ తిరిగి పెట్టేదీ సమానమై ఒక నిలకడకొస్తుంది, అక్కణ్ణుంచి రంగు ఒకేలా పడుతుంది. తుడిచిన ప్రతిసారీ కథ మళ్లీ మొదటికొస్తుంది, పదో షర్టుకీ పదకొండో షర్టుకీ పోలిక ఉండదు. అందుకే మొదటి పది ప్రింట్లు వేస్ట్ గుడ్డ మీదే పోనివ్వాలి.

దీనికి వరస ముఖ్యం. లేత రంగు ముందు, ముదురు రంగు ఆఖరున. నలుపు ఫ్రేము అడుగున పసుపు అంటితే నలుపుకేమీ కాదు, పసుపు ఫ్రేము అడుగున నలుపు అంటితే మాత్రం నాలుగో షర్టుకే పసుపు మురికి పట్టినట్టవుతుంది. అలాగే చిన్న చిన్న భాగాలున్న రంగు ముందు, ఎక్కువ జాగా నిండే రంగు చివర. ముందు పెద్ద ఎర్ర గుండ్రం కొట్టారనుకోండి, తర్వాత వాలే మూడు ఫ్రేములూ ఆ గుండ్రం మీద మెత్తుకుని లేస్తాయి, ప్రింటు నున్నగా ఉండాల్సింది నారింజ తొక్కలా గుంటలు గుంటలుగా తేలుతుంది.

మెష్ కూడా సన్నంగా ఉండాలి. నేను 90టీ, అంటే సెంటీమీటరుకు 90 దారాలున్నది వాడతా, ఫొటోలాంటి సన్న చుక్కల డిజైన్ ఐతే 120టీ. 43టీతో తడి మీద తడి కొట్టబోతే ఇంకు ముద్దలా దిగి తర్వాతి ఫ్రేముకు పండగే. బట్టకూ ఫ్రేముకూ మధ్య రెండు మూడు మిల్లీమీటర్ల ఎడం ఉంచి, ఇంకును లాగే స్క్వీజీ గట్టి రబ్బరుది పెట్టి, ఒక్క లాగుడుతో దించాలి. రెండోసారి లాగితే ఇంకు పెరుగుతుంది, అంటుడూ పెరుగుతుంది.

వీటన్నిటికంటే ముందు చూడాల్సింది డిజైన్. సంక్రాంతి ముగ్గులో గళ్లలో రంగులు పోసినట్టు ఏ రంగు జాగాలో ఆ రంగు పక్కపక్కన కూర్చునేదైతే తడి మీద తడికి అంతకంటే అనువైంది లేదు, అంచుల దగ్గర వెంట్రుకవాసి ఒకదాని మీదకొకటి ఎక్కేలా పాజిటివ్ (ఫ్రేము మీదకు డిజైన్ దించే ఫిల్ము) తీయించుకుంటే చాలు. ఎర్ర గుండ్రం మీద పసుపు అక్షరాలు ఎక్కించాలంటే మాత్రం తడిలో కుదరదు, రెండూ కలిసిపోయి ఇటుక రంగొచ్చి కూర్చుంటుంది. ఫొటోలాంటి నాలుగు రంగుల చుక్కల ప్రింటు తెల్ల షర్టు మీదైతే తడిలోనే కొట్టాలి, ఆ ఇంకులు ఒకదాన్నుంచి ఒకటి కనబడేలా కలవడానికే చేసినవి.

ఇక ఫ్లాష్. రంగు కొట్టు, వేడి పలకను షర్టు మీదకు జరుపు, ఆరేడు సెకన్లు ఆగు, పక్కకు జరుపు, తర్వాతి రంగు కొట్టు. ముదురు బట్ట మీద రంగు గట్టిగా, అంచు కత్తిరించినట్టు రావాలంటే దీన్ని మించింది లేదు. నల్లగుడ్డ మీద పసుపు నేరుగా కొడితే పాచి రంగులా కనబడుతుంది. కింద తెల్ల బేసు వేసి ఫ్లాష్ పెట్టి ఆ పైన కొడితేనే పసుపు పసుపులా ఉంటుంది. గోడకు సున్నం ఆరకముందే పెయింటు వేస్తే ఏమవుతుందో ఇక్కడా అంతే.

కానీ టైము లెక్క వేసుకోండి. నాలుగు రంగులకు మధ్యలో మూడు ఫ్లాష్‌లు, జరపడంతో కలిపి ఒక్కోటి పది సెకన్లనుకున్నా షర్టుకు 30 సెకన్లు, 100 షర్టులకు 50 నిమిషాలు వట్టి ఎదురుచూపులకే పోయె. చిన్న ఫ్లాష్ కూడా ఒకటిన్నర కిలోవాట్ పైనే లాగుతుంది, కరెంటు పోతే చేతిలో సగం రంగులేసిన షర్టుతో వీధిలోకి చూస్తూ నిలబడాలి. ఇరవై షర్టులు పోయేసరికి షర్టు తొడిగే పలకే వేడెక్కి ఉంటుంది, ఆ వేడికి ఫ్రేములో ఇంకు చిక్కబడి మెష్ మూసుకుంటుంది. పైగా కాటన్ బట్టలో తేమ పోయి కాస్త ముడుచుకుంటుంది, మొదటి రంగుకు సరిగ్గా ఉన్న రిజిస్ట్రేషన్, అంటే రంగులు ఒకదాని పక్కనొకటి సరిగ్గా కూర్చోవడం, మూడో రంగుకు జరిగిపోతుంది. దానికి నేను చేసేది, రంగేమీ కొట్టకముందే ఖాళీ షర్టుకు ఒక ఫ్లాష్ చూపించడం. ముడుచుకునేదేదో ముందే ముడుచుకుంటుంది.

చవితి సంగతి చెప్తానన్నా కదా. ఒక మండపం కుర్రాళ్లకు 60 నల్ల షర్టులు, తెల్ల బేసు మీద ఎరుపు, పసుపు. బేసు ఎంత గట్టిగా ఉంటే అంత మంచిదని 20 సెకన్లు పెట్టాను ఫ్లాష్. షర్టు తొడిగే పలకా వేడిగా ఉంది, పట్టించుకోలేదు. ప్రింట్లు మెరిసిపోయాయి, నిమజ్జనం రోజు ఫొటోలు చూసి నేనే మురిసిపోయా. మూడు ఉతుకులకు ఎరుపు ఉల్లిపొట్టులా పొరలుగా ఊడి, అడుగున తెలుపు మాత్రం చెక్కుచెదరకుండా మిగిలింది. "అన్నా, మా స్వామి తెల్లబడిపోయినాడు" అని ఒకడు షర్టు తెచ్చి చూపించాడు. నవ్వుతూనే అన్నాడులే గానీ, డబ్బులు వెనక్కిచ్చాను. బేసు పూర్తిగా కాలిపోతే పై రంగుకు పట్టు దొరకదు. వేలితో తాకితే రంగు అంటకూడదు, కొంచెం జిగురు మాత్రం తగలాలి, అక్కడ ఆపేయాలి. షర్టు పలక వేడెక్కేకొద్దీ ఫ్లాష్ సెకన్లు తగ్గించుకుంటూ పోవాలి.

ఇప్పుడు నేను నల్ల షర్టులకు చేసేది రెండిటి మధ్యది. 61టీ మెష్‌తో తెల్ల బేసు, ఒక్క ఫ్లాష్, ఆ పైన మిగతా రంగులన్నీ సన్న మెష్‌తో తడి మీద తడి, చివర్లో పూర్తి కాల్పు. షర్టుకు 30 సెకన్ల ఎదురుచూపు పదికి తగ్గింది. రంగు రంగుకీ ఫ్లాష్ అనేది నా దగ్గర రంగు మీద రంగు ఎక్కే డిజైన్లకూ, పది ఇరవై పీసుల చిన్న ఆర్డర్లకూ మాత్రమే మిగిలింది. పది షర్టులకు పది ప్రింట్లు వేస్ట్ చేసి నిలకడ తెచ్చుకోవడం తిక్కపని కదా.

ఫ్లాష్ కొనలేనివాళ్లకు మూడో దారి నీళ్ల ఇంకు, పొడుగు టేబుల్. షర్టులన్నీ టేబుల్ మీద వరసగా అంటించి, ఒక ఫ్రేము పట్టుకుని మొదటి షర్టు నుంచి చివరి షర్టుదాకా నడుచుకుంటూ ఒకే రంగు కొట్టుకుపోవడం. రెండో రంగుకు వెనక్కొచ్చేసరికి మొదటి షర్టు ఆరి ఉంటుంది. మన గాలి పొడిగాలి కాబట్టి ఆరడానికి ఇబ్బందే లేదు. ఇబ్బందల్లా అదే గాలి ఫ్రేములో ఇంకును కూడా ఆరబెట్టేయడం. ఏప్రిల్, మే నెలల్లో ఫ్యాన్ ఆపేసి, చెమటలు కక్కుతూ, ప్రతి షర్టుకీ మెష్‌ను ఇంకుతో కప్పి ఉంచుతూ, నీళ్ల స్ప్రే చేతికందేలా పెట్టుకుని కొట్టాలి. టీ తాగడానికి వెళ్లొచ్చారా, చిన్న అక్షరాలు పూడిపోయినట్టే. తెల్ల, లేత షర్టుల మీద మాత్రం చేతికి తగలనంత మెత్తగా వస్తుంది, ఎండాకాలం వేసుకునేవాళ్లు రబ్బరు ప్రింటు కంటే దీన్నే ఇష్టపడతారు.

క్రికెట్ జెర్సీలు, అంటే పాలిస్టరు, వేరే తలనొప్పి. ఎర్ర జెర్సీ మీద తెల్ల నంబర్లు రాత్రి తెల్లగానే ఉంటాయి, తెల్లారి చూస్తే గులాబీ. వేడికి బట్టలోని రంగే పైకి పాకుతుంది. తడా ఫ్లాషా అన్నది తర్వాత, ముందు తక్కువ వేడికి కాలే పాలిస్టరు ఇంకు తెచ్చుకోండి.

గుంతకల్లు కుర్రాడు సాయంత్రం డిజైన్ పంపాడు. పసుపు, ఆకుపచ్చ, ఎరుపు, చుట్టూ నల్ల గీత, ఎక్కడా రంగు మీద రంగు లేదు. తడి మీద తడికి కొలిచి గీసినట్టుంది. నల్ల షర్టు మీదైతే ఆ నల్ల గీత ఎలాగూ కనబడదు కదప్పా, తెల్ల షర్టులు తీసుకుంటారేమో అడుగు అన్నాను. ఒప్పుకున్నారట. వరస చెప్పాను: పసుపు, ఆకుపచ్చ, ఎరుపు, నలుపు. మొదటి పది గుడ్డపీలికల మీద కొట్టమన్నాను, ఫ్రేము అడుగు తుడవొద్దని రెండుసార్లు చెప్పాను. రాత్రి వీడియో పెట్టాడు, వెనకాల వాళ్ల తమ్ముడు గుడ్డ పట్టుకుని ఎర్ర ఫ్రేము అడుగు తుడుస్తున్నాడు.