పాత ఫెర్గూసన్ ట్రాక్టరుకు ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్: అయిదు వానాకాలాల వాడకం తరువాత

మా తాతగారు కొన్న ఫెర్గూసన్ టీఈఏ20 పెట్రోలు ట్రాక్టరుకు, ఇంజనులో పెట్రోలును మండించే స్పార్కు కోసం ఉండే ప్లాటినం పాయింట్లను, వాటికి తోడుగా ఉండే కండెన్సరును తీసివేసి, అయస్కాంతం, సెన్సారు సాయంతో పనిచేసే ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ కిట్టును అమర్చుకున్నాను. 2021 మార్చి నుంచి బండి దానితోనే నడుస్తున్నది. భీమునిపట్నం దగ్గర, సముద్రానికి నాలుగు కిలోమీటర్ల లోపలే ఉన్న మా కొబ్బరి, సరుగుడు తోటల్లో ఏడాదికి సుమారు నూట యాభై గంటలు పని చేయిస్తున్నాను. దమ్ముకూ, బరువులు లాగడానికీ వేరే డీజిల్ ట్రాక్టరు ఉన్నది. కాని కొబ్బరి వరుసల మధ్య కలుపు దున్నడానికి, టన్నుకు కాస్త మించిన బరువు మాత్రమే ఉండే ఈ చిన్న బండి తిరిగినంత అనువుగా అది తిరగదు. డీజిల్ ఇంజనుకు స్పార్కుతో పనే లేదు కనుక నేటి ట్రాక్టరు యజమానులకు ఈ సమస్య ఎదురుకాదు. పాత పెట్రోలు ట్రాక్టరునో, పాయింట్లతో నడిచే పాత జీపునో, అంబాసిడర్ కారునో ఇంకా వాడుకుంటున్న వారి కోసం ఇది రాస్తున్నాను.

ఇంగ్లండులోని కొవెంట్రీలో 1946 నుంచి 1956 వరకు తయారైన ఈ శ్రేణి ట్రాక్టర్లు అయిదు లక్షలకు పైగా ప్రపంచమంతటా అమ్ముడుపోయాయి. మా బండిలో ఉన్నది స్టాండర్డ్ కంపెనీ నాలుగు సిలిండర్ల పెట్రోలు ఇంజను. గేరు లివరును ప్రత్యేకంగా స్టార్టు కోసం ఉంచిన స్థానానికి జరిపితేనే సెల్ఫ్ మోటారు తిరుగుతుంది కాబట్టి, గేరులో ఉండగా పొరపాటున బండి ముందుకు దూకే ప్రమాదం లేదు. ఇంత ఆలోచించి చేసిన యంత్రంలో మమ్మల్ని తరచుగా ఇబ్బంది పెట్టినది ప్లగ్గులకు స్పార్కును పంచే డిస్ట్రిబ్యూటరు మూత కింద ఉండే రెండు చిన్న లోహపు బిళ్లలే, అంటే పాయింట్లే.

ఆ బిళ్లలు కలిసి ఉన్నంతసేపు, రెండు తీగచుట్టలుండే కాయిల్‌లో కరెంటు ప్రవహించి అయస్కాంత క్షేత్రం ఏర్పడుతుంది. లోపల తిరిగే కామ్ అనే గుబ్బల ఇరుసు వాటిని విడదీసిన క్షణంలో ఆ క్షేత్రం ఒక్కసారిగా కూలిపోయి, కాయిల్ రెండో చుట్టలో వేల వోల్టుల కరెంటు పుట్టి, రోటరు అనే తిరిగే ముక్క ద్వారా ఆయా ప్లగ్గులకు చేరుతుంది. విడిపోయే ప్రతిసారీ బిళ్లల మధ్య చిన్న మెరుపు లేవకుండా కండెన్సరు కాపాడాలి. కండెన్సరు బలహీనపడినా, బిళ్లల మీద తేమ, ఉప్పు చేరినా ఒక బిళ్ల మీద గుంట, ఎదుటి బిళ్ల మీద మొటిమ ఏర్పడి స్పార్కు నీరసిస్తుంది. మా తోటలో సముద్రపు గాలి ఇనుప గేట్లనే రెండేళ్లలో తినేస్తుంది. వానాకాలంలో పది పన్నెండు రోజులకొకసారి మూత విప్పి, సన్నని ఆకురాయితో బిళ్లలను రుద్ది, గేజీతో సందు సరిచూసుకోవడం మా నాన్నగారి కాలం నుంచి అలవాటుగా సాగింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మా షెడ్డు రేకులను ఎగరగొట్టి, ఉప్పునీటి జల్లుతో బండిని తడిపినప్పుడు, ఇంజను మళ్లీ పలకడానికి ఆరు రోజులు పట్టింది. పడిపోయిన కొబ్బరిచెట్లు తోట నిండా ఉండగా చేతిలో బండి లేకపోవడం ఎంతటి బాధో అప్పుడు తెలిసింది.

పాయింట్ల పద్ధతే చెడ్డదని నేను అనడం లేదు. ఎడ్మండ్ హిల్లరీ బృందం మంచు కోసం మార్పులు చేసుకున్న పెట్రోలు ఫెర్గూసన్ల మీదనే 1958 జనవరి 4న దక్షిణ ధ్రువానికి చేరుకున్నది. అక్కడి పొడి చలి ఆ బిళ్లలకు చేయని హానిని మా ఊరి ఉప్పు తేమ చేస్తున్నది. దానికి తోడు మా డిస్ట్రిబ్యూటరులో షాఫ్టును పట్టి ఉంచే బుష్షు అరిగి ఉండటంతో, షాఫ్టు పక్కకు ఊగినప్పుడల్లా పాయింట్ల సందు మారి, నాలుగు సిలిండర్లకూ స్పార్కు సరైన వేళకు పడేది కాదు. ఈ మధ్య దొరుకుతున్న కండెన్సర్ల నాణ్యత కూడా బాగా పడిపోయింది. కొత్తది వేసిన వారానికే చెడిపోయిన సందర్భాలు నాకు రెండు ఉన్నాయి.

కిట్టును విదేశం నుంచి తెప్పించుకున్నాను. రవాణా, సుంకం కలిపి తొమ్మిది వేల రూపాయలు దాటింది. పాయింట్ల స్థానంలో బిగించే ఒక చిన్న మాడ్యూలు, కామ్ మీద తొడిగే అయస్కాంతపు రింగు, రెండు వైర్లు, అంతే దాని సామగ్రి. రింగులోని అయస్కాంతాలు సెన్సారు ముందు నుంచి వెళ్లినప్పుడల్లా మాడ్యూలు కాయిల్ కరెంటును తెంపుతుంది. ఒకదానినొకటి తాకే భాగాలేవీ లేవు కనుక అరుగుదల ఉండదు.

నేను చేసిన పెద్ద తప్పును ఇక్కడ వివరంగా చెప్పడం అవసరం. పాత ఫెర్గూసన్లలో బ్యాటరీ పాజిటివ్‌ను బాడీకి కలిపేవారు. ట్రాక్టరు పుస్తకంలో అలాగే ఉండటంతో, పాజిటివ్ ఎర్తుకు, అంటే అలా బాడీకి పాజిటివ్ కలిపిన బండికి తగిన కిట్టునే 2020 డిసెంబరులో తెప్పించాను. అయితే చాలా ఏళ్ల కిందట మా నాన్నగారు డైనమో తీయించి ఆల్టర్నేటరు వేయించినప్పుడు, ఆ పని చేసినవారు బ్యాటరీని తిప్పి నెగిటివ్‌ను బాడీకి కలిపారు. ఆ సంగతి ఎవరూ రాసిపెట్టలేదు, నేను మీటరు పెట్టి చూడలేదు. స్విచ్ వేసిన కొన్ని క్షణాలకే మాడ్యూలు కాలిన వాసన వచ్చింది. కిట్టు బిగించే ముందు బ్యాటరీ నుంచి బాడీకి వెళ్లే మందపాటి వైరు ఏ కొస నుంచి వస్తున్నదో కళ్లారా చూసుకోవాలని, దయచేసి పుస్తకాన్ని నమ్మి ఊరుకోవద్దని ప్రతి ఒక్కరినీ కోరుతున్నాను.

పాత పాయింట్లనే మళ్లీ బిగించుకుని, గాజువాక ఆటోనగర్‌లో పాత పెట్రోలు బండ్లు బాగుచేసే ఒక పెద్దాయన దగ్గరికి డిస్ట్రిబ్యూటరును, కాయిల్‌ను తీసుకువెళ్లాను. సంగతంతా విని ఆయన, “బాబూ, బ్యాటరీ తిప్పినవాళ్లు కాయిల్ వైర్లు కూడా తిప్పారా?” అని అడిగారు. ఎవరూ తిప్పలేదు. ప్లగ్గులో నడిమి కొస అన్నిటికంటె వేడిగా ఉంటుంది; వేడెక్కిన లోహం నుంచి ఎలక్ట్రాన్లు తేలికగా వెలువడతాయి కనుక, ఆ కొస నెగిటివ్‌గా ఉంటే తక్కువ వోల్టులతోనే స్పార్కు దూకుతుంది. మా కాయిల్ అన్నేళ్లూ ఎదురు దిశలో పనిచేస్తూ, అవసరమైన దానికంటె ఎక్కువ శ్రమపడుతున్నది. కాయిల్ మీది రెండు వైర్లను మార్చి, అరిగిన బుష్షు కొత్తది వేయించి, సరైన కిట్టు వచ్చేదాకా రెండు నెలలు పాత పాయింట్లతోనే నడిపాను. మంచు కురిసే జనవరి ఉదయాల్లో సైతం, అంతకుముందు ఏడెనిమిది సార్లు సెల్ఫ్ కొడితే గాని లేవని ఇంజను రెండు మూడు సార్లకే లేవసాగింది. కిట్టు వల్ల వచ్చిందని నేను చెప్పుకోగలిగిన మెరుగుదలలో సగం వరకు నిజానికి ఈ చవకైన మరమ్మతుకే చెందాలి.

రెండో కిట్టును మార్చిలో నేనే బిగించాను, గంటన్నర పట్టింది. కాయిల్ మొదటి చుట్ట (ప్రైమరీ) నిరోధం ఎంతో ముందుగా కొలిచాను. అది మూడు ఓముల దాకా ఉన్నది కాబట్టి సరిపోయింది. ఒకటిన్నర ఓముల కాయిల్‌ను బల్లాస్ట్ అనే అదనపు నిరోధం లేకుండా వాడితే కరెంటు రెట్టింపై మాడ్యూలు వేడెక్కి చెడిపోతుంది. రాగి తీగ ప్లగ్గు వైర్ల స్థానంలో నిరోధం గల వైర్లు వేశాను, ఎందుకంటె రాగి వైర్ల నుంచి వెలువడే అలజడి సెన్సారును తికమక పెడుతుంది. డిస్ట్రిబ్యూటరులోని పలక తుప్పును శుభ్రంగా గీకి, అక్కడి నుంచి ఇంజను బాడీకి విడిగా ఒక ఎర్తు వైరు వేశాను. టైమింగ్ కోసం, అంటే స్పార్కు సరైన వేళకు పడేలా చేయడానికి, మొదటి సిలిండరు ప్లగ్గు విప్పి, రంధ్రానికి బొటనవేలు అడ్డుపెట్టి, హ్యాండిలు తిప్పుతూ కంప్రెషన్ వచ్చే చోటు పట్టుకున్నాను. ఆపైన, స్పార్కుతో పాటే వెలిగే స్ట్రోబ్ దీపంతో సరిచేశాను. సిలిండర్లలో స్పార్కు పడే వరుస ఒకటి, మూడు, నాలుగు, రెండు. వైర్లు కలగాపులగం కాకుండా ముందే రంగు దారాలు కట్టుకోవడం మేలు.

ఫలితం విషయానికి వస్తే, శక్తి పెరిగిందని నేను చెప్పలేను. కల్టివేటరు అదే లోతున, అదే గేరులో నడుస్తున్నది. డబ్బాతో కొలిచి పోసి చూస్తే పెట్రోలు ఖర్చులో కూడా నాకు తేడా కనిపించలేదు. మారినది నిలకడ. తక్కువ వేగంలో ఇంజను వణుకు తగ్గింది, వరుస చివర తిరిగేటప్పుడు ఆగిపోవడం పోయింది. 2021 సెప్టెంబరు చివర గులాబ్ తుపాను విశాఖను ముంచెత్తిన వానల్లో షెడ్డులోకి నీరు వచ్చి, రెండు రోజుల పాటు గోడలే చెమ్మగిల్లాయి. మూడో రోజు ఉదయం డిస్ట్రిబ్యూటరు మూతను పొడిగుడ్డతో తుడిచి సెల్ఫ్ కొట్టగానే ఇంజను లేచినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. అయిదేళ్లలో పాయింట్ల కోసం ఆకురాయి పట్టుకోవలసిన అవసరం ఒక్కసారి కూడా రాలేదు. మూత, రోటరు మాత్రం పాతవే కనుక వాటి మీద తెల్లని పొర చేరుతూనే ఉంటుంది. రోటరును ఒకసారి మార్చాను.

లోపాలు కూడా ఉన్నాయి. మొదటిది బ్యాటరీ బలహీనపడినప్పటి ప్రవర్తన. 2023లో ముసలిదైన బ్యాటరీతో సెల్ఫ్ కొడితే మోటారు నిదానంగా తిరుగుతున్నా స్పార్కు రాలేదు. మీటరు పెడితే ఆ క్షణంలో వోల్టులు ఎనిమిదికి దిగుతున్నాయి. పాయింట్లయితే అంత తక్కువలోనూ ఎంతో కొంత స్పార్కు ఇచ్చేవి, మాడ్యూలు మాత్రం మేలుకోదు. సెల్ఫ్ వాడకుండా ముందున్న హ్యాండిలుతో తిప్పితే బ్యాటరీ మీద ఆ భారం పడదు కనుక రెండో తిప్పుకే ఇంజను లేచింది. హ్యాండిలు వాడే వారు బొటనవేలిని మిగిలిన వేళ్ల పక్కనే ఉంచాలి, చుట్టి పట్టుకోకూడదు. ఇంజను వెనక్కి తన్నితే మణికట్టు విరుగుతుంది.

రెండో లోపం ఇంతకంటె పెద్దది. పాయింట్లు చెడిపోయే ముందు పది రోజులు దగ్గుతూ హెచ్చరిస్తాయి, పొలం గట్టు మీదనే చిన్న రాపిడితో మళ్లీ పనికి వస్తాయి. మాడ్యూలు పోతే చెప్పకుండా పోతుంది, దాన్ని బాగుచేయగలవారు మా చుట్టుపక్కల ఎవరూ లేరు, కొత్తది రావడానికి నాకు రెండు నెలలు పట్టింది. మూడోది, ఇంజను ఆగి ఉండగా స్విచ్ వేసి వదిలేస్తే కాయిల్, మాడ్యూలు రెండూ వేడెక్కుతాయి. మా పనివాళ్లకు ఈ మాట పదేపదే చెప్పవలసి వచ్చింది; చివరికి స్విచ్ పక్కన ఒక ఎర్ర దీపం పెట్టించాను, అప్పటి నుంచి మరపు తగ్గింది.

తేమ లేని ఊళ్లలో ఉండి, నెలకొకసారి మాత్రమే పాత బండిని బయటికి తీసేవారికి ఇంత ఖర్చు అవసరం లేదు. మంచి పాయింట్లు, నమ్మకమైన కండెన్సరు, ఊగని బుష్షు ఉంటే చాలు. రోజూ పని చేయించుకునే సముద్రతీర రైతుకు మాత్రం నేను దీన్ని మనస్ఫూర్తిగా సూచిస్తాను. అయితే ముందు బ్యాటరీ, ఎర్తు, కాయిల్ దిశ, బుష్షు ఈ నాలుగూ చూసుకున్నాకే కిట్టుకు డబ్బు పెట్టాలి. పాత పాయింట్ల పలకను, వాటికి సందు సరిచేసిన కొత్త పాయింట్లు, ఒక కండెన్సరుతో సహా నూనె రాసి, మూత గట్టిగా పట్టే డబ్బాలో సీటు కింద ఉంచాను. కిట్టు విప్పి ఆ పలక బిగించడానికి ఎంతసేపు పడుతుందో చూద్దామని పోయిన వేసవిలో తోటలోనే ఒకసారి చేశాను. టైమింగ్ సరిచూడటంతో కలిపి ముప్పావుగంటలో బండి మళ్లీ నడిచింది.