మైన్‌క్రాఫ్ట్ మోడ్‌ప్యాక్‌లో రంగుల సందేశం: టైటిలా, టెల్‌రానా?

ఆటగాళ్లకు రంగుల సందేశం చూపే కమాండ్లు రెండు: టైటిల్ (/title), టెల్‌రా (/tellraw). మోడ్‌లను (ఆటను మార్చే అదనపు ఫైళ్లను) నడిపే లోడర్ ఫోర్జ్ అయినా ఫ్యాబ్రిక్ అయినా ఈ రెండు కమాండ్లూ జావా ఎడిషన్‌లో (మైన్‌క్రాఫ్ట్ కంప్యూటర్ వెర్షన్) ముందునుంచే ఉన్నవే. వేరే మోడ్ అక్కర్లేదు, ఆపరేటర్ (సర్వర్ నిర్వాహకుడి) అనుమతి ఉంటే చాలు.

టైటిల్ తెర నడుమ పెద్ద అక్షరాలతో పడుతుంది. మామూలుగా 10 టిక్‌లలో తేలి, 70 టిక్‌లు నిలిచి, 20 టిక్‌లలో మాయమవుతుంది. 20 టిక్‌లంటే ఒక సెకను. ఈ లెక్క మార్చాలంటే ముందు టైమ్స్ (/title times, సమయాలు పెట్టే కమాండ్) ఇవ్వాలి. సబ్‌టైటిల్ (టైటిల్ కింద చిన్న అక్షరాల వరుస) ఒక్కటే పంపితే ఏమీ కనబడదు. ముందు సబ్‌టైటిల్, ఆ వెంటనే టైటిల్ పంపాలి. పైన ఏమీ వద్దనుకుంటే ఖాళీ టైటిల్ పంపినా సరే. పొడవైన వాక్యం రెండో వరుసకు దిగదు, అంచులు దాటిపోతుంది. అందుకే మూడు నాలుగు మాటలు మించనివ్వకండి.

టెల్‌రా చాట్‌లో పడుతుంది, వరుసలుగా విరుగుతుంది, తర్వాత వెనక్కి వెళ్లి చదువుకోవచ్చు. నొక్కితే కమాండ్ నడిచే బటన్ ఇక్కడే సాధ్యం, టైటిల్‌లో కాదు. క్వెస్టు సూచనలకు నేనైతే టెల్‌రానే వాడమంటాను. బాస్ వచ్చాడని హెచ్చరించడానికి టైటిల్.

ఎక్కువమంది చిక్కుకునేది వెర్షన్ దగ్గర. 1.21.5లో క్లిక్ ఈవెంట్ (నొక్కితే ఏం జరగాలో చెప్పే భాగం) పేరు రాసే తీరు మారింది: మునుపు రెండు పదాలూ కలిపి, రెండోదానికి పెద్ద అక్షరం (clickEvent); ఇప్పుడు అన్నీ చిన్న అక్షరాలు, నడుమ అండర్‌స్కోర్ (click_event). 1.20.1 ప్యాక్‌కు పాత తీరే కావాలి. హెక్స్ రంగులు (#FF8800 లాంటి కోడ్‌తో రాసేవి) 1.16 నుంచే; 1.12.2లో 16 రంగుల పేర్లతోనే సరిపెట్టుకోవాలి. చాట్‌లో 256 అక్షరాలే పడతాయి కాబట్టి పొడవైన కమాండ్‌ను కమాండ్ బ్లాక్‌లో (కమాండ్‌ను దాచుకుని నడిపే బ్లాక్) పెట్టండి.