ఎంటర్ కొడితే ఏమవుతుంది: మీడియావికీ మూలపాఠ్య ఎడిటర్‌పై సమీక్ష

తెలుగు వికీపీడియా, వికీసోర్సు రెండూ నడిచేది మీడియావికీ అనే సాఫ్ట్‌వేర్ మీదే. అందులోని మూలపాఠ్య ఎడిటర్‌కి, అంటే పేజీని గుర్తులూ ట్యాగులతో సహా రాసే పెట్టెకి, ఇక్కడ పెట్టేది ఒకటే పరీక్ష: ఎంటర్ కొట్టి వరుస తెంచడం. తిరుపతి, చిత్తూరు జిల్లాల ఊర్లు, గుళ్ళు, వాగుల పేజీలు సరిదిద్దేవాళ్ళకి రోజూ తగిలే తలనొప్పి ఇది. తీర్పు ముందే చెప్పేస్తే, పేరాల్లోనూ సమాచారపెట్టెల్లోనూ (పేజీ పక్కన ముఖ్య వివరాలు చూపే పెట్టెలు) ఈ ఎడిటర్ చక్కగా మాట వింటుంది, జాబితాల్లో మొండికేస్తుంది. ఎక్కడ వింటుందో ఎక్కడ వినదో తెరమీద మాత్రం చెప్పదు. ఐదుకి మూడున్నర.

పేరా మధ్యలో ఒక్కసారి ఎంటర్ కొడితే చదివేవాళ్ళకి అది మామూలు ఖాళీ జాగాగానే కనిపిస్తుంది. మధ్యలో ఒక ఖాళీ వరుస వదిలితేనే కొత్త పేరా. రెండు ఖాళీ వరుసలు వదిలితే పేరాల మధ్య అక్కర్లేని వెలితి పడుతుంది. సవరించేవాళ్ళకి అసలు లాభం మొదటి దాంట్లో ఉంది. పేజీ రూపం చెడకుండా వాక్యానికో వరుస చొప్పున రాసుకోవచ్చు:

చంద్రగిరి తిరుపతి జిల్లాలోని ఊరు.
ఇది స్వర్ణముఖి నది ఒడ్డున ఉంది.
ఇక్కడి కోటలోని రాజమహల్లో పురావస్తు ప్రదర్శనశాల ఉంది.

పేజీలో ఇదంతా ఒకే పేరా. పేజీ మార్పుల చరిత్రలోకి వెళ్ళి రెండు కూర్పుల తేడా చూస్తే మాత్రం మారిన వాక్యం ఒక్కటే విడిగా కనిపిస్తుంది. పది వాక్యాలూ ఒకే వరుసలో ఉంటే, మారిన పదానికి రంగు పడినా, పేరా మొత్తం కళ్ళముందు పరుచుకుంటుంది. అందులో ఒక కామా వెతకడం ఎంత విసుగో చేసినవాళ్ళకే తెలుసు. ఇద్దరు ఒకేసారి ఒకే పేజీ సవరిస్తున్నప్పుడు ఇంకో లాభం. మీడియావికీ మార్పుల్ని వరుసల లెక్కన కలుపుతుంది కాబట్టి, పేరా అంతా ఒకే వరుసైతే ఒకరు మొదటి వాక్యాన్నీ ఇంకొకరు చివరి వాక్యాన్నీ ముట్టుకున్నా దిద్దుబాటు ఘర్షణే, అంటే రెండోవాళ్ళు తమ మార్పుని చేత్తో కలుపుకోవాల్సిందే. వరుసలు విడిగా, కాస్త ఎడంగా ఉంటే రెండూ వాటంతటవే కలిసిపోతాయి.

పాత పేజీని ఇలా విడగొట్టేటప్పుడు విషయాన్ని ముట్టుకోకూడదు. వరుసలు తెంచి ఒకసారి ప్రచురించాలి, మార్పు సారాంశంలో ‘వరుసల సర్దుబాటు మాత్రమే’ అని రాయాలి. విషయం దిద్దడం ఆ తరువాతి మార్పులో. రెండూ కలిపేస్తే తేడా పేజీ ఎవరికీ అర్థం కాదు, అనుమానమొచ్చి ఎవరో ఒకరు మొత్తం వెనక్కి తిప్పేస్తారు.

సమాచారపెట్టెల్లో ఈ ఎడిటర్‌కి నిండు మార్కులు. పేరున్న పరామితి (‘జిల్లా =’ లాంటిది) విలువకి ముందూ వెనకా ఉన్న ఖాళీల్ని, వరుసల్ని మీడియావికీ తానే తీసేస్తుంది. అందుకని ఒక్కో పరామితిని ఒక్కో వరుసలో, నిలువు గీత ముందుండేలా రాయడం మేలు:

| పేరు = చంద్రగిరి
| జిల్లా = తిరుపతి

2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడ్డాక, చిత్తూరు జిల్లా నుంచి విడివడిన ఊర్ల పేజీల్లో మార్చాల్సింది సరిగ్గా ఆ రెండో వరుసే. ఇలా రాసిన పెట్టెలో ఆ మార్పు సరిచూడ్డానికి రెండు సెకన్లు చాలు. గీతని వరుస చివర పెట్టే అలవాటుంటే మానుకోండి. ఒక వరుస తీసేసినప్పుడు గీత పక్క వరుసలో మిగిలిపోయి లెక్క తప్పుతుంది.

పేరు లేని పరామితుల సంగతి వేరు. అక్కడ ఖాళీలూ వరుసలూ ఉన్నవి ఉన్నట్టే మూసలోకి, అంటే చాలా పేజీల్లో పిలిచి వాడుకునే అచ్చులోకి, పోతాయి. ఆ మూస తన లోపల ఆ విలువతో లింకు తయారుచేస్తుంటే, కాణిపాకం అని రాసి ఎంటర్ కొట్టి కింద వరుసలో }} మూసినందుకు లింకు బదులు చదరపు బ్రాకెట్లు బయటపడతాయి. విలువ ముందు 1= అని చేర్చండి, అది పేరున్న పరామితి అయిపోయి పీడ వదులుతుంది.

జాబితాలకొస్తే అసలు గొడవ మొదలవుతుంది. ఇక్కడ ఎంటర్ అంటే అంశం అయిపోయిందనే అర్థం. * తో మొదలయ్యే చుక్క అంశంలో రెండో వాక్యాన్ని కింద వరుసలో రాస్తే, అది జాబితా బయటికి జారి విడి పేరా అవుతుంది. ఏడుకొండల పేర్లు రాస్తూ చూపు ఆనడానికి మధ్యలో ఖాళీ వరుస వదిలారనుకోండి:

# శేషాద్రి
# నీలాద్రి

# గరుడాద్రి
# అంజనాద్రి

గరుడాద్రి మూడోది కావాల్సింది పోయి మళ్ళీ ఒకటో నంబరుతో మొదలవుతుంది. కంటికి కనపడని ఖాళీ వరుసకి ఇంత పెత్తనం ఎందుకిచ్చారో గానీ, ఇచ్చారు. అంశం కింద వివరణ రాయాలంటే ఆ వరుసని #: తో మొదలెట్టండి, నంబర్లు తెగవు. అంశం లోపలే వరుస మారాలంటే బీఆర్ ట్యాగు (<br>). మూలపాఠ్యంలో మాత్రమే తెగి పేజీలో తెగకూడదంటే పేజీలో కనిపించని వ్యాఖ్య గుర్తుల మధ్య ఎంటర్‌ని దాచాలి:

* కపిలతీర్థం తిరుపతిలో కొండ అడుగున ఉంది.<!--
--> ఇక్కడ శివాలయం ఉంది.

చూడ్డానికి వికారంగానే ఉంటుంది, పని మాత్రం జరుగుతుంది. మూలాల దగ్గరా ఇదే చిట్కా. ఫుల్‌స్టాప్ తరువాత ఎంటర్ కొట్టి మూలాన్ని చూపే రెఫ్ ట్యాగు (<ref>) మొదలెడితే చుక్కకీ నంబరుకీ మధ్య ఖాళీ వస్తుంది, ఫోన్లో ఆ నంబరు ఒంటరిగా కింద వరుసలో పడుతుంది. అయినా పేరాకి నాలుగైదు మూలాలుంటే ఈ తంటా ఎందుకు, వాటి పూర్తి వివరాలన్నీ అడుగున మూలాల జాబితాలో పెట్టి, పైన పేరుతో పిలుచుకుంటే పేరా శుభ్రంగా ఉంటుంది.

వ్యాఖ్య ఒక్కటే ఒక వరుసలో ఉంటే ఆ వరుసతో సహా మాయమవుతుంది. దానికి పైనా కిందా ఖాళీ వరుసలుంటే మాత్రం అవి రెండూ మిగిలి, మొదట చెప్పిన వెలితి తెస్తాయి.

బొద్దు అక్షరాల లెక్క ఏ వరుసకావరుసే. ''' ఒక వరుసలో తెరిచి తరువాతి వరుసలో మూస్తే, మొదటి వరుస చివర బొద్దు ఆగిపోతుంది. రెండో వరుసలో మూయడానికి పెట్టింది కాస్తా కొత్తగా తెరిచినట్టై, ఆ వరుసలో మిగతాదంతా బొద్దుగా వస్తుంది. శీర్షిక ఒకే వరుసలో ఉండాలి. బయటి లింకు వివరణలో ఎంటర్ పడితే లింకే విరిగిపోతుంది.

పట్టికల్లో గడికో వరుస రాయండి, తేడాలు తేటగా కనిపిస్తాయి. గడిలో చుక్కల జాబితా కావాలంటే నిలువు గీత తరువాత ఎంటర్ కొట్టి, కింద వరుసలో మొదలెట్టాలి. రుణ సంఖ్య ఉంటే గీత తరువాత తప్పకుండా ఒక ఖాళీ వదలాలి, లేకపోతే |-5 ని కొత్త అడ్డువరుసగా చదివి అంకెని మింగేస్తుంది.

పీడీఎఫ్ నుంచి తెచ్చి అతికించిన పాఠ్యంలో ప్రతి వరుస చివరా ఉండే ఎంటర్ల వల్ల పెద్ద నష్టం లేదు. వరుస మొదట్లో నక్కిన ఒక్క ఖాళీయే ప్రమాదం. ఆ వరుస విడి పెట్టెలో, టైపు మిషన్ అక్షరాల్లాంటి వాటిలో, ఫోను తెర దాటిపోయేలా వస్తుంది. వరుస మొదటికి కర్సరు తీసుకెళ్ళి ఆ ఖాళీని చెరిపేయడమే మందు.

ఇన్ని నియమాల మధ్య ఎడిటర్ చేసే సాయం కొంతే. టూల్‌బార్‌లో మార్కర్ పెన్ను బొమ్మ నొక్కితే ట్యాగులకీ మూసలకీ రంగులు పడతాయి, జత బ్రాకెట్టు వెలుగుతుంది. పక్కన వరుస అంకెలు కూడా ఉంటే అసలు ఎంటర్ ఎక్కడుందో తెలిసిపోతుంది. తెర చాలక మడత పడ్డ వరుసకి కొత్త అంకె రాదు మరి. అంకెలు లేని ఫోను పెట్టెలో మడత ఏదో ఎంటర్ ఏదో పోల్చుకోలేం, అక్కడ మునుజూపు (ప్రివ్యూ) చూడకుండా ప్రచురించడం చీకట్లో మెట్లెక్కడమే. జాబితా మధ్య ఖాళీ వరుస వదిలినా ఎడిటర్ ఒక్క హెచ్చరిక ఇవ్వదు. కోసిన మార్కుల్లో అర మార్కు అందుకే.

వికీసోర్సులో పద్యాలు, అన్నమయ్య సంకీర్తనలు ఎక్కించేవాళ్ళు వరుసకో బీఆర్ ట్యాగు కొట్టుకుంటూ కూర్చోవద్దు. పల్లవి నుంచి చివరి చరణం దాకా పోయెమ్ ట్యాగులో (<poem>) పెడితే ఎంటర్ కొట్టిన చోటల్లా వరుస తెగుతుంది, మొదట్లో వదిలిన ఖాళీలూ అలాగే నిలుస్తాయి. సొంతంగా మూసలు రాసేవాళ్ళకి ఒక్క ముక్క: చివరి అక్షరానికీ నోఇంక్లూడ్ ట్యాగుకీ (<noinclude>, మూస పేజీలో మాత్రమే కనిపించాల్సిన భాగాన్ని చుట్టేది) మధ్య ఎంటర్ ఉంచకండి. మూస వాడిన ప్రతి పేజీలోకీ ఆ ఎంటర్ వెళ్ళి కూర్చుంటుంది.