ఆకులకు నిప్పు పెట్టకుండా ఆపిన ఇనుప జాలీ: వాడి చూశాక నా మాట

హైదరాబాద్‌లోని మా సైనిక్‌పురి కాలనీ కోసం కుషాయిగూడ వైపు ఒక వెల్డింగ్ షాపులో చేయించిన ఎండుటాకుల కంపోస్టు జాలీల గురించి ఇది. బజార్లో రెడీమేడ్‌గా దొరికే ప్లాస్టిక్ బిన్ కాదు. ఇనుప జాలీని గుండ్రంగా వంచి, యాంగిల్ ఫ్రేముకి వెల్డింగ్ చేసి, కింది వైపు చిన్న తలుపు పెట్టారు. దీనికి అడుగు ఉండదు, నేరుగా నేల మీద నిలబెట్టాలి. ఎత్తు నాలుగు అడుగులు, అడ్డం కూడా దాదాపు అంతే. రంగు వేసి, ట్రాలీ ఆటోలో పంపించి ఒక్కోదానికి 5,200 రూపాయలు తీసుకున్నారు. ఎండాకాలం, వానాకాలం, మళ్లీ ఆకురాలే కాలం, అన్నీ చూశాక రాస్తున్నాను. తలుపులో లోపం ఉంది, రంగు నిలవలేదు. అయినా మా వీధిలో ఆకులకు నిప్పు పెట్టడాన్ని ఆపగలిగింది ఈ జాలీలే. నోటీసులు ఆపలేదు, గొడవలు ఆపలేదు.

నేను విద్యుత్ శాఖలో లైన్ ఇన్‌స్పెక్టర్‌గా పనిచేసి రిటైరయ్యాను. ఆకులు కాల్చడమంటే చాలామందికి పొగ, దగ్గు గుర్తొస్తాయి. నాకు ముందు ట్రాన్స్‌ఫార్మర్ గుర్తొస్తుంది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో కానుగ, బాదం, రావి చెట్లు ఒక్కసారిగా ఆకు దులుపుతాయి. ఊడ్చిన ఆకుల్ని ఎక్కడ పోగేస్తారు? బండి పార్క్ చేయని చోట. వీధిలో అలాంటి చోటు సాధారణంగా ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె పక్కనే ఉంటుంది. ఆ డబ్బాలో ఉండేది నూనె. అతుకుల మధ్య పెట్టే పట్టీలు, అంటే గ్యాస్కెట్లు, పాతబడితే అది కొద్దికొద్దిగా చెమర్చి దిమ్మె మీద జిడ్డు కడుతుంది. ఆ పక్కనే కేబుళ్లు దిగుతాయి. అక్కడ ఆకుల కుప్పకి అగ్గిపుల్ల గీస్తే ముందు కేబుల్ తొడుగు కరుగుతుంది, తర్వాత ఏమవుతుందో కుప్ప ఎంత పెద్దదన్న దాన్ని బట్టి ఉంటుంది. సర్వీసులో ఉండగా అర్ధరాత్రి వచ్చిన ఫోన్లలో ఇలాంటివీ ఉన్నాయి. వీధంతా చీకటి, కారణం చూస్తే బూడిద. చెట్టు మొదట్లో కాల్చేవాళ్లూ ఉన్నారు. బెరడు కింద పొర మాడిపోతే చెట్టు ఆ వైపు మళ్లీ కోలుకోవడం కష్టం. రెండేళ్లకో మూడేళ్లకో గాలివానకు ఆ చెట్టే తీగల మీద పడుతుంది.

ఇక రూల్స్ సంగతి. కాల్చకూడదన్నది కాలనీ అసోసియేషన్ పెట్టుకున్న సొంత నియమం అనుకునేవాళ్లు మా దగ్గర చాలామంది ఉన్నారు. అది దేశమంతటికీ వర్తించే నిషేధం. 2016లో వచ్చిన ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనల్లోనే వీధిలో, బయటి ఖాళీ స్థలాల్లో చెత్త పారేయకూడదు, కాల్చకూడదు, పాతిపెట్టకూడదు అని రాశారు. తోట చెత్తను మన ఆవరణలో విడిగా ఉంచి, స్థానిక సంస్థ చెప్పినట్టు వదిలించుకోవాలని కూడా రాశారు. అయిదు వేల చదరపు మీటర్లు దాటిన గేటెడ్ కమ్యూనిటీలైతే తడి చెత్తను వీలైనంతవరకు లోపలే ఎరువుగా మార్చుకోవాలని ఆ 2016 నిబంధనల్లో ఉండేది. అదే ఏడాది డిసెంబర్ 22న జాతీయ హరిత ట్రిబ్యునల్ బహిరంగంగా చెత్త కాల్చడాన్ని పూర్తిగా నిషేధించింది. మామూలుగా కాలిస్తే 5,000 రూపాయలు, పెద్ద ఎత్తున కాలిస్తే 25,000 కట్టాలని చెప్పింది. డంపింగ్ యార్డులకు కూడా మినహాయింపు ఇవ్వలేదు.

ఈ అంకెలు తెలుగులో పెద్దక్షరాలతో రాయించి గేటు దగ్గర పెట్టించాను. వారం కాకముందే మళ్లీ పొగ లేచింది. మా వీధి ఊడ్చే ఆమెను కూర్చోబెట్టి అడిగాను. "ఎందుకమ్మా, రాసింది చూశావు కదా?"

"సూశిన సార్. మరి ఏడ ఎయ్యాలె? బండిల ఇండ్లల్ల చెత్తకే జాగ ఉండది. ఈడ కుప్ప పెడితే గాలికి మళ్ల రోడ్డంత ఒస్తది. మీ ఇండ్లల్లకెల్లే ఫోన్లు కొడ్తరు, ఊడ్వలేదని."

ఆమె చెప్పినదాంట్లో ఒక్క మాట కూడా కాదనడానికి లేదు. ఆకుకు పోవడానికి చోటు చూపించకుండా జరిమానా మాత్రం చూపిస్తే, ఆ భారమంతా చీపురు పట్టుకున్న మనిషి మీద పడుతుంది. అందుకే అసోసియేషన్‌లో పట్టుబట్టి జాలీలు చేయించాను.

వస్తువు గురించి వివరంగా చెప్తాను, ఎందుకంటే చేయించేటప్పుడు ఏం అడగాలో ఎవరూ చెప్పరు. జాలీ కన్ను అర అంగుళం ఉండాలి. షాపులో ముందు అంగుళం జాలీ చూపిస్తారు, చవక కాబట్టి. బాదం ఆకు దాంట్లో నిలుస్తుంది గానీ గుల్‌మొహర్ చెట్టు కింద పెడితే ఆ సన్న ఆకులన్నీ పక్కల నుంచి రాలిపోతాయి. రెండోది, జింకు పూత ఉన్న జాలీ అడగండి. వెల్డింగ్ చేసినచోట ఆ పూత కాలిపోతుంది, కాబట్టి అతుకుల మీద మళ్లీ జింక్ పెయింట్ కొట్టించాలి. మాకు రెడ్ ఆక్సైడ్ పైన మామూలు ఎనామెల్ వేసి ఇచ్చారు. లోపల ఎప్పుడూ తడి ఉంటుంది కదా, మొదటి వానాకాలానికే అతుకులన్నీ తుప్పు పట్టాయి.

తలుపు సంగతి ఇంకా ఇబ్బంది. ఎరువు కింద తయారవుతుంది కాబట్టి కింద తలుపు ఉండాలన్న ఆలోచన మంచిదే. కానీ దాన్ని లోపలికి తెరుచుకునేలా పెట్టారు. లోపల తడిసిన ఆకు బరువుగా నొక్కుతుంటే ఆ తలుపు ఎలా తెరుచుకుంటుంది? గడ్డపారతో లాగి తీయాల్సి వచ్చింది, ఒక జాలీ ఫ్రేము వంకరపోయింది. షాపాయనకు ఫోన్ చేస్తే మనిషిని పంపించి, డబ్బులు అడగకుండా బందులు మార్చి బయటికి తిప్పించాడు. అది మెచ్చుకోవాలి. కానీ చెప్పిన రోజు రాలేదు, రెండు మూడుసార్లు గుర్తు చేయాల్సి వచ్చింది.

పనితనం విషయానికి వస్తే, నిండా తొక్కి నింపిన ఆకు కొన్ని వారాల్లోనే సగానికి దిగిపోతుంది. దిగిన కొద్దీ పైన వేస్తూ పోవచ్చు. ఒట్టి ఎండుటాకులు మాత్రం తొందరగా కుళ్లవు, వాటిలో కర్బనం ఎక్కువ, నత్రజని తక్కువ. పేడ నీళ్లో, పుల్లటి మజ్జిగో, కోసిన పచ్చగడ్డో పొర పొరకీ కలపాలి. పక్క వీధిలో గేదెలున్న ఇంటి నుంచి మాకు పేడ దొరుకుతుంది, అది అదృష్టమే. కానుగాకు అన్నిటికంటే ముందు మెత్తబడుతుంది. రైతులు దాన్ని పొలానికి పచ్చిఆకు ఎరువుగా వేసేది అందుకే. మామిడాకు మొండిది, నెలల తరబడి అలాగే ఉంటుంది. దాన్ని కాస్త నలగ్గొట్టి వేయాలి. లోపల పని జరుగుతోందో లేదో తెలియాలంటే ఒక ఇనుప ఊచ మధ్యకి గుచ్చి, కాసేపాగి తీసి పట్టుకుని చూడండి. వెచ్చగా ఉంటే సరే, చల్లగా పొడిగా ఉంటే నీళ్లు చాలలేదు.

వాసన వస్తుందని, పాములు చేరతాయని కొంతమంది భయపడ్డారు. వంటింటి చెత్త వేయకపోతే వాసన రాదు. పాములు మాకు కనిపించలేదు. వానాకాలంలో రోకలిబండ పురుగులు, జెర్రులు వచ్చాయి. రోకలిబండలు ఆకును తిని ఎరువు చేసే జీవులే. జెర్రులు కుడతాయి కాబట్టి తలుపు తీసేటప్పుడు గ్లౌజులు తప్పనిసరి.

అన్నిటికంటే ముఖ్యమైన విషయం, జాలీ అమ్మేవాళ్లు ఎవరూ చెప్పనిది. తడి లేని ఆకు నింపిన జాలీ అంటే గాలి అన్ని వైపుల నుంచీ తగిలే పెద్ద కుంపటి. ఏప్రిల్, మే ఎండల్లో పై పొర చాలా త్వరగా గలగలా ఎండిపోతుంది. ఆర్పని ఒక్క బీడీ ముక్క చాలు. కాల్చకుండా ఉండటానికి తెచ్చిన వస్తువే మంటకు కారణం కాకూడదు. అందుకే ట్రాన్స్‌ఫార్మర్‌కీ, కరెంటు మీటర్ల బోర్డుకీ, కార్లు ఆగే చోటుకీ దూరంగా పెట్టించాను. గొట్టం అందేంత దూరంలో నీళ్ల కుళాయి, పక్కనే ఇసుక బకెట్ ఉండాల్సిందేనన్నాను. వేసవిలో రోజు విడిచి రోజు నీళ్లు పెట్టే బాధ్యత ఇద్దరికి పేరు పెట్టి అప్పగించాం.

మా జాలీలు చూసి ఇంకో చోట ఒక అపార్ట్‌మెంట్ వాళ్లు కూడా చేయించుకుని సెల్లార్‌లో, మెట్ల పక్కన పెట్టారు. వెళ్లి చూసి, అక్కడున్నప్పుడే బయటికి తీయించాను. 2022 మార్చి 23న సికింద్రాబాద్ బోయగూడలో ఒక తుక్కు గోదాములో మంటలు లేచి, లోపల పడుకున్న 11 మంది బీహార్ కార్మికులు బయటికి రాలేక చనిపోయారు. మంటకు అందే సరుకు మనుషులు బయటపడే దారిలో ఉండకూడదు. అది గోదామైనా, సెల్లార్‌లో ఆకుల కుప్పైనా అంతే. ఒకవేళ అంటుకుంటే మనమే ఆర్పేద్దామని ఆలస్యం చేయకుండా ముందు 101కి ఫోన్ చేయాలి. ఈ నంబరు ప్రతి జాలీకి రేకు మీద రాయించి కట్టాం.

భోగి సంగతి కూడా చాలామంది అడిగారు. మేము భోగి మంట మానలేదు, మానమని నేను చెప్పను. పిడకలు, ఎండు కట్టెలు, తీగలకూ చెట్లకూ దూరంగా ఖాళీ నేల మీద చిన్న మంట, పక్కన నీళ్లు. పాత సామాన్ల పేరుతో టైర్లు, ఫోమ్ పరుపులు, ప్లాస్టిక్ కుర్చీలు తెచ్చి వేస్తే మాత్రం అది పండగ కాదు, చెత్త కాల్చడమే. పసిపిల్లల్ని ఎత్తుకుని ఆ విషపు పొగలో నిలబడుతున్నాం. ఈసారి అలాంటివి తెచ్చినవాళ్లను తుక్కు కొనే అతని దగ్గరికి పంపించాం. టైర్లకు అతను డబ్బులు కూడా ఇచ్చాడు.

ప్లాస్టిక్ బిన్‌తో పోల్చి చెప్పమని ఒకరు అడిగారు. బాల్కనీ కుండీల వాళ్లకు అది సరిపోతుంది. వీధి చెట్ల ఆకు ఒక్క పూటకే దాన్ని నింపేస్తుంది, ఎండకు మూత పగులుతుంది. కాలనీకి ఇనుప జాలీయే సరైనది. సొంత ఇల్లు, ఒకటి రెండు చెట్లు ఉన్నవాళ్లు మూడడుగుల జాలీ చేయించుకుంటే చాలు.

మేము అదే షాపులో ఇంకో రెండు జాలీలు చెప్పాం. బయటికి తెరుచుకునే తలుపు, అర అంగుళం జింకు జాలీ, అతుకులకు జింక్ పెయింట్ అని కాగితం మీద రాసి సంతకం పెట్టించుకున్నాను. ధర 6,000 చెప్పాడు, సగం అడ్వాన్స్ ఇచ్చాం, మిగతాది తలుపు తీసి చూపించాకే ఇస్తామన్నాం.